20 ఏళ్ల టవర్లు తీసేసి కొత్త స్పీకర్లు కొనాలి. 60 వేల లోపు ఏవి? (హాలు 12×16, నెల్లూరు)

పెన్నా_గట్టు
మరాంజ్ పీఎం6007 ఆంప్ (యాంప్లిఫయర్) కొని రెండేళ్లయింది. స్పీకర్లు మాత్రం 2006లో మా నాన్న చెన్నై నుంచి తెచ్చిన టవర్లు, ఒక్కోటి మా పాపంత ఎత్తు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఆంప్ మారిస్తే పాట బాగుపడుతుందనుకున్నా. బాగుపడకపోగా లోపాలన్నీ బయటపడ్డాయి. బేస్ వచ్చినప్పుడల్లా హాలంతా బొంయ్‌మని మోగుతుంది. బాలు గొంతు బిందెలో తల పెట్టి పాడినట్టుంటుంది. పైగా కుడి స్పీకర్లో డప్పు దెబ్బ పడితే గరగర.

హాలు 12 అడుగులు, 16 అడుగులు. శ్లాబు పదడుగుల ఎత్తు, కింద టైల్స్. పొడుగు గోడకి టీవీ యూనిట్, దానికి అటొకటి ఇటొకటి స్పీకర్లు, గోడకి ఆనించి. ఎదురు గోడకి సోఫా. వాటిని కదిపే అధికారం నాకు లేదు, అది ఇంటావిడ శాఖ.

బడ్జెట్ 60 వేలు. నెల రోజులుగా రివ్యూలు చదివి బుర్ర వేడెక్కిపోయింది. ఒక్క పేరు చెప్పండి, కళ్లు మూసుకుని కొనేస్తా.

రెండు_ట్వీటర్లు
ఎలాక్ డెబ్యూ 2.0 బి6.2. చర్చ ముగిసింది, అందరూ ఇళ్లకు వెళ్లొచ్చు.

కావలి_కుర్రోడు
వార్ఫ్‌డేల్ డైమండ్ 12.2. 1932లో పుట్టిన కంపెనీ బ్రో, ఊరికే బతికుంటుందా.

ఒంగోలు_గిత్త
పాటలో ఊపు ఉండాలంటే క్లిప్ష్ ఆర్‌పీ-600ఎం. సన్న శబ్దాలిచ్చే ట్వీటర్‌కి బాకా లాంటి హార్న్, 96 డీబీ. నీ ఆంప్ 45 వాట్లతో పక్కింటి వాళ్లని కూడా లేపొచ్చు.

కావలి_కుర్రోడు
పక్కింటి వాళ్లని లేపడానికి స్పీకర్లెందుకన్నా, మే నెలలో రాత్రి కరెంటు పోతే చాలు, వీధంతా అరుగుల మీదే ఉంటుంది.

మార్కాపురం_పలక
ఒక్క నిమిషం. మూడు పేర్లు వచ్చాయి, ఆ గరగర ఏమిటని ఒక్కరూ అడగలేదు. గట్టూ, స్పీకర్ ముందున్న గుడ్డ జాలీ ఊడదీసి చూడు. కోన్ చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది కదా, అది రబ్బరా, ఫోమా? వేలితో మెల్లగా నొక్కు. చూశాక చెప్పు, అప్పటిదాకా ఏమీ కొనకు.

పెన్నా_గట్టు
చూశాను. నొక్కేదాకా కూడా రాలేదు పలకన్నా, వేలు తగలగానే చెమ్మగిల్లిన అప్పడంలా పొడై రాలింది. నల్లటి పొడి, వేలికి జిగురుగా అంటుకుంది. కుడి వూఫర్‌కి, అదే బేస్ ఇచ్చే పెద్ద యూనిట్‌కి, సగం చుట్టూ అంచే లేదు, కోన్ ఒక పక్కకి వాలిపోయి ఉంది. ఎడమ దానికి రెండు చీలికలు. ఇన్నాళ్లూ నేను విన్నది ఇదా?

మైకుసెట్_మావయ్య
అదే విన్నావబ్బయ్యా. కోవూరు పక్కన ముప్పై ఏళ్లుగా మైకుసెట్లు అద్దెకిస్తున్నా, ఇళ్లలో వాళ్లు తెచ్చే బాక్సులు కూడా బాగుచేస్తా. నా దగ్గరికొచ్చే పాత హోమ్ బాక్సుల్లో చాలా వాటికి ఇదే జబ్బు. కాయిల్ బాగుంటుంది, కోన్ బాగుంటుంది, అంచు మాత్రం మట్టి. మన సముద్రపు గాలికి ఫోమ్ ఆగదు. మా ఫంక్షన్ బాక్సులకి అంచు గుడ్డతో చేస్తారు, అందుకే వాన చినుకుల్లో కూడా లాగించేస్తాయి.

మార్కాపురం_పలక
మావయ్య చెప్పింది నిజం. పాలీయురేథేన్ ఫోమ్ గాలిలో తేమకి లోలోపల విరిగిపోతుంది. పదేళ్లు, పదిహేనేళ్లు దాని ఆయుష్షు. వాడకుండా అట్టపెట్టెలో దాచినా అంతే. రబ్బరు అంచు అయితే ఇంకా చాలాకాలం వస్తుంది. సెకండ్ హ్యాండ్ స్పీకర్లు కొనేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. నీవి రెండు జబ్బులు. గరగర స్పీకర్‌ది, బొంయ్ గదిది. అంచు తెగిన వూఫర్ బేస్ తక్కువిస్తుంది, ఎక్కువివ్వదు. అయినా నీ హాలు మోగుతోందంటే లక్ష రూపాయల స్పీకర్ పెట్టినా మోగుతుంది, ఇంకా గట్టిగా మోగుతుంది.

రెండు_ట్వీటర్లు
ఒప్పుకోను. మంచి స్పీకర్ బేస్ బిగువుగా ఉంటుంది. పాత టవర్ల బేస్ వదులు. బొంయ్ అనేది అందుకే.

మార్కాపురం_పలక
బిగువు, వదులు తర్వాత మాట్లాడుకుందాం, ముందు లెక్క చూడు. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది. స్పీకర్ గోడకీ సోఫా గోడకీ మధ్య 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. 343ని దానికి రెట్టింపుతో భాగించు, 47 హెర్ట్జ్ వస్తుంది, అంటే సెకనుకి 47 కంపనాలు. ఆ స్వరం రెండు గోడల మధ్య బంతిలా తిరుగుతూ తనను తానే పెంచుకుంటుంది. పదడుగుల శ్లాబుకి అదే లెక్క వేస్తే 56. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్, దాని మీద రెండు మెట్లు పైకి జరిగితే 46. ఎనభైల నాటి పాటల్లో బేస్ గిటార్ ఎంత తిరుగుతుందో తెలుసు కదా, ఆ మెట్టు దగ్గరికొచ్చినప్పుడల్లా నీ హాలు కూడా పాడుతుంది.

ఇంకో మాట. ఈ స్వరాల ఒత్తిడి గోడ దగ్గరే ఎక్కువ. స్పీకర్లు ఒక గోడకి, నీ తల ఇంకో గోడకి. రెండు చివరలా సరిగ్గా గుంటలోనే కూర్చున్నావు.

పెన్నా_గట్టు
అంటే సోఫా జరపాలా? అన్నా, 60 వేలు ఖర్చు పెట్టడానికి పర్మిషన్ దొరికింది, సోఫా జరపడానికి దొరకదు.

గూడూరు_నిమ్మ
ప్రతి చర్చలోనూ 'ఇంటావిడ ఒప్పుకోదు' అనే మాట ఉండాలా? మా ఇంట్లో పాటలు వినేది నేను. 'ఆ నల్ల డబ్బాలు తీసెయ్' అనేది ఆయన.

కావలి_కుర్రోడు
అక్కా, క్లాప్స్.

గూడూరు_నిమ్మ
చప్పట్లంటే గుర్తొచ్చింది. గట్టు గారూ, హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆగిపోయాక కూడా 'టర్ర్' అని తోక వినిపిస్తే అది టైల్స్‌కీ శ్లాబుకీ మధ్య, ఎదురెదురు గోడల మధ్య కొట్టుకునే శబ్దం. గొంతులు కీచుగా, గజిబిజిగా వినిపించడానికి సగం కారణం అదే. మాది గూడూరులో కొత్త ఇల్లు, గృహప్రవేశం రోజు పంతులుగారి మంత్రాలే అర్థం కాలేదు, అంత మోత.

నేను చేసింది చెప్తా. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద పాత జంపఖానా రెండు మడతలు. పక్క గోడకి పుస్తకాల బీరువా, అద్దం తలుపులు తీసేసి. కిటికీకి బరువైన కర్టెన్. వెనక మూలలో మా అత్తగారి బూరుగు దూది పరుపు చుట్టి నిలబెట్టి, పైన కలంకారీ దుప్పటి కప్పా. వచ్చినవాళ్లు అదేదో అలంకారం అనుకుంటారు. గొంతుల్లో తేడా ఆ సాయంత్రమే తెలిసింది. బేస్ మాత్రం పరుపుకి పెద్దగా లొంగలేదు, నిజం చెప్పాలి. దానికి కుర్చీ గోడ నుంచి మూడడుగులు ముందుకి లాగితే లొంగింది.

మైకుసెట్_మావయ్య
బూరుగు పరుపు మాట బాగుందమ్మా. కల్యాణ మండపాల్లో మేం చేసేదీ అదే, స్టేజీ వెనక గుడ్డ కట్టకుండా మైకు పెడితే కూత ఆగదు.

పెన్నా_గట్టు
చప్పట్లు కొట్టా. టర్ర్ ఉంది, బాగానే ఉంది. మా పాప ఇప్పుడు అదే ఆట ఆడుతోంది, ఇల్లంతా తిరిగి చప్పట్లు. థ్యాంక్స్ అక్కా.

ఒంగోలు_గిత్త
ఇంత టైల్స్ మోత ఉంటే నా క్లిప్ష్ మాట వెనక్కి తీసుకుంటున్నా. నాది కార్పెట్ వేసిన బెడ్‌రూమ్. ఖాళీ హాల్లో హార్న్ పెడితే తాళం చిప్పలు చెవుల్లోకి దిగుతాయి.

రెండు_ట్వీటర్లు
చరిత్రలో మొదటిసారి గిత్త వెనక్కి తగ్గింది. తేదీ రాసుకోండి.

కందుకూరు_కాఫీ
పాత టవర్లు పారెయ్యకండి దయచేసి. ఫోమ్ అంచు రింగులు ఆన్‌లైన్‌లో అంగుళాల సైజు ప్రకారం దొరుకుతాయి, జతకి మీ బడ్జెట్‌లో చిల్లరంత. నేను చేశాను. మొదటిసారి చెడగొట్టాను, అది కూడా చెప్తా, మీరు చేయకుండా.

పాత ఫోమ్ గీకడానికి ఒక ఆదివారం పోయింది. తొందరపడి అదే రోజు కొత్త రింగు అతికించా. కోన్ మధ్యలో ఉందని కంటితో చూసి అనుకున్నా. ఆరాక పాట పెడితే కీచుకీచు, కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. మళ్లీ అంతా ఊడదీసి మొదటికొచ్చా. కంటికి మిల్లీమీటర్ కనపడదు సార్.

మైకుసెట్_మావయ్య
కంటితో కాదు, చెవితో చూడాలి అబ్బయ్యా. పద్ధతి చెప్తా.

పాత బంకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పది నిమిషాలు నానబెట్టు, చెంచా తోకతో మెల్లగా గీకు. అట్ట కోన్ అయితే ఎక్కువ తడపకు, ఉబ్బిపోతుంది. మొదట రింగు లోపలి అంచుని కోన్‌కి అతికించి ఆరనివ్వు. బయటి అంచు మర్నాడు. ఆ బయటి అంచు అతికించేటప్పుడు స్పీకర్‌ని ఆంప్‌కి కలిపి, ఫోన్‌లో 30 హెర్ట్జ్ టోన్ చాలా చిన్నగా పెట్టు. కోన్ ఊపిరి పీల్చినట్టు మెల్లగా ఆడుతుంది. రాసుకుంటే గీరు వినపడుతుంది, జిగురు పచ్చిగా ఉండగానే రింగుని అటూ ఇటూ జరిపితే ఆ గీరు పోయే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ ఆపు. చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజు ముట్టుకోకు. వెంటనే పట్టేసే జిగురు వద్దు, జరుపుకునే టైమ్ ఉండాలి.

కందుకూరు_కాఫీ
ఈ పోస్టు మూడేళ్ల కింద రాసి ఉంటే నాకు రెండు ఆదివారాలు మిగిలేవి మావయ్యా.

రెండు_ట్వీటర్లు
సరే, రిపేరు దుకాణం చాలు. అతను అడిగింది కొత్త స్పీకర్లు.

మార్కాపురం_పలక
కొత్తవి కొనొద్దని నేను అనలేదు. గోడకి దగ్గరగా పెట్టక తప్పదు కాబట్టి టవర్ల కంటే ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత, అంటే చిన్న పెట్టెలు, మేలంటాను. టవర్ ఇంకా కిందికి దిగుతుంది, కిందికి దిగేకొద్దీ నీ 47తో పేచీ ఎక్కువ. పేరులో షెల్ఫ్ ఉందని టీవీ యూనిట్ అరలో దూర్చకు, స్టాండ్ మీద పెట్టు. ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి.

ట్వీటర్లు చెప్పిన ఎలాక్‌కి గాలి రంధ్రం ముందు వైపు ఉంటుంది, గోడకి దగ్గరైనా కొంత నయం. కెఫ్ క్యూ150కి వెనక ఉంటుంది. వెనక రంధ్రం ఉన్నదే నచ్చితే బాధ లేదు, అందులో పాత సాక్సు చుట్టి దూర్చితే బేస్ తగ్గుతుంది. నవ్వకండి, కొన్ని కంపెనీలు ఆ పని కోసమే ఫోమ్ బిరడాలు ఇస్తాయి.

కావలి_కుర్రోడు
ఉతికిన సాక్సేనా అన్నా?

మార్కాపురం_పలక
నీది అయితే ఉతికినది.

పెన్నా_గట్టు
వాట్ల సంగతి? ఎలాక్ 87 డీబీ, 6 ఓమ్‌లు అని ఉంది. నా ఆంప్ 8 ఓమ్‌లకి 45 వాట్లే. ఒక షాపాయన ఫోన్లో '100 వాట్ల ఆంప్ లేకపోతే వేస్ట్ సార్' అన్నాడు.

రెండు_ట్వీటర్లు
ఆయన దగ్గర 100 వాట్ల ఆంప్ స్టాక్ ఉన్నట్టుంది.

మార్కాపురం_పలక
87 డీబీ అంటే దాదాపు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం. ప్రతి 3 డీబీకి వాట్లు రెట్టింపు కావాలి. రెండు వాట్లకి 90, నాలుగుకి 93, ఎనిమిదికి 96, పదహారుకి 99. ఆ తర్వాత మీ ఆవిడ వస్తుంది. 45 నుంచి 100 వాట్లకి వెళ్తే పెరిగేది మూడున్నర డీబీ కూడా కాదు. మామూలుగా వినేటప్పుడు ఒకటి రెండు వాట్ల దగ్గరే ఉంటావు. నీ ఆంప్ 4 ఓమ్‌లకి 60 వాట్లని కంపెనీయే చెబుతోంది, 6 ఓమ్‌ల స్పీకర్‌కి భయం లేదు. ఒక్కటి గుర్తుంచుకో, సెన్సిటివిటీని, అంటే ఈ డీబీ అంకెని, ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కొలుస్తుంది. 96 చూసి గిత్తలా ఉరకకు.

ఒంగోలు_గిత్త
నేను ఒప్పుకున్నాక కూడా కొడతారేంటి.

మైకుసెట్_మావయ్య
వాట్లు ఎక్కువైతే స్పీకర్ కాలుతుందని అందరూ అనుకుంటారు. నేను కాల్చుకుంది చిన్న ఆంప్‌తో. ఒకసారి వినాయక చవితి పందిట్లో కుర్రాళ్లు చాలడం లేదని నాబ్ చివరిదాకా తిప్పి వదిలేశారు. పాట చిరిగిపోతున్నా వాళ్లకి పట్టలేదు. తెల్లారేసరికి పై యూనిట్లు రెండూ పోయాయి. ఆంప్‌ని దాని శక్తికి మించి పిండితే శబ్దం చదునుగా తెగిపోతుంది, ఆ తెగిన శబ్దం ట్వీటర్లని తినేస్తుంది. చిరిగినట్టు వినపడితే తగ్గించు, అంతే సూత్రం.

పెన్నా_గట్టు
వైర్లు? పాతవి చివర్లు పచ్చగా అయిపోయాయి. మీటరు రెండు వేల వైరు వాడితే 'గాలి ఆడుతుంది' అని ఒక వీడియోలో చెప్పాడు.

కావలి_కుర్రోడు
గాలి ఆడాలంటే ఫ్యాన్ వేస్కో.

రెండు_ట్వీటర్లు
వైర్లని ఎగతాళి చేయొద్దు. నేను మార్చాక తేడా విన్నా.

మార్కాపురం_పలక
విన్నావు, కాదనను. కొత్త వైరు తగిలించడానికి పాతది పీకావు కదా, అప్పుడు ఆ చిలుము కూడా పోయింది. ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకి దాదాపు 7.4 ఓమ్‌లు. నీ స్పీకర్‌కి మూడు మీటర్లు, పోనూ రానూ ఆరు. అంటే 0.045 ఓమ్. ఆరు ఓమ్‌ల స్పీకర్ ముందు ఆ అడ్డం ఏపాటిది?

గూడూరు_నిమ్మ
మాకు ఏడాదికోసారి చివర అర అంగుళం కత్తిరించి మళ్లీ ఒలవడం అలవాటు. మైపాడు బీచ్ వైపు ఉన్న మా అక్క వాళ్లకైతే ఆరు నెలలకే చిలుము. ఇప్పుడు వైరు చివర్లకి బనానా ప్లగ్గులు పెట్టారు, కాస్త నయం.

కందుకూరు_కాఫీ
వైర్లు మళ్లీ తగిలించేటప్పుడు ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి చూసుకోండి. మా బావ ఒక స్పీకర్‌కి తిరగేసి పెట్టి మూడేళ్లు విన్నాడు. బేస్ లేదు, పాట ఎక్కడినుంచి వస్తుందో తెలీదు. 'స్టేజీ చాలా వెడల్పుగా ఉంది' అని మాకు గొప్పలు చెప్పేవాడు. అనుమానమొస్తే వైర్లు ఆంప్ నుంచి తీసేసి, 1.5 వోల్టుల పెన్ బ్యాటరీ మైనస్‌ని నలుపు వైరుకి పెట్టి, ప్లస్‌ని ఎరుపు వైరుకి ఒక్క క్షణం తాకించండి. వూఫర్ బయటికి గెంతాలి. లోపలికి పోతే తిరగబడింది.

చీమకుర్తి_గెలాక్సీ
ఆలస్యంగా వచ్చా. స్టాండ్ల మాట ఎవరూ పూర్తిగా చెప్పలేదు. కొనకు బ్రో, మూడో వంతు బడ్జెట్ పోతుంది. నేను చేయించుకుంది చెప్తా.

మా ఊళ్లో పాలిష్ గెలాక్సీ గ్రానైట్ ముక్కలు కటింగ్ యూనిట్ల దగ్గర మిగులుతుంటాయి. 20 మిల్లీమీటర్ల మందం, అడుగు బై అడుగు, ఒక్కోటి అయిదున్నర కిలోల దాకా ఉంటుంది. అడుగున ఒకటి. మధ్యలో మూడంగుళాల ఇనుప పైపు, వెల్డింగ్ షాపులో పైనా కిందా ప్లేట్లు వేయించి 24 అంగుళాలకి కోయించా. పైపు ఖాళీగా ఉంటే గంటలా మోగుతుంది, అందుకని ఇసుక పోశా. తడి ఇసుక పోస్తే లోపల తుప్పు కదా, పాత మూకుడులో పల్లీలు వేయించినట్టు వేయించి ఆరబెట్టి పోశా. ఇంట్లో వాళ్లు వాసన చూసి వంటింట్లోకి వచ్చి, మూకుడు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అది అన్నదానికంటే ఎక్కువ.

ఇప్పుడు వేలితో కొడితే 'టక్' అంటుంది, మోగదు. పిల్లాడు గుద్దుకున్నా పడదు. స్పీకర్ కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు.

కావలి_కుర్రోడు
పెన్నా ఇసుకేనా అన్నా? రశీదు ఉందా?

చీమకుర్తి_గెలాక్సీ
రెండు బకెట్లకి రశీదు అడిగితే ఆ స్టాండ్లతోనే కొడతా.

రెండు_ట్వీటర్లు
గట్టూ, ఎన్ని చెప్పినా ఒక మాట. వినకుండా కొనకు. నాకు ఎలాక్ నచ్చిందని నీకు నచ్చాలని లేదు.

మార్కాపురం_పలక
ఈ చర్చలో నేను, ట్వీటర్లు ఏకీభవించిన చోటు ఇదే. చెన్నై వెళ్లు. నీకు బాగా తెలిసిన పాటలు అయిదు పట్టుకెళ్లు, షాపు వాళ్ల డెమో పాటలు వినకు. ఒక నాదస్వరం, ఒక పాత మోనో పాట తప్పకుండా ఉండాలి. కీచుదనం నాదస్వరంలో దొరికిపోతుంది. అన్ని జతలూ ఒకే శబ్దంలో వినిపించమను. రెండు డీబీ ఎక్కువ పెట్టినా చాలు, అదే బాగుందనిపిస్తుంది, చెవి స్వభావం అంతే.

కావలి_కుర్రోడు
ఇంకో దారి ఉంది. మొహర్రం దాకా ఆగి రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి పో. స్వర్ణాల చెరువులో సొంతింటి రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అన్నీ దొరుకుతాయి. స్పీకర్ల రొట్టె అని కేక వెయ్యి, ఎవరో ఒకరు పట్టుకునే ఉంటారు.

గూడూరు_నిమ్మ
సోఫా రొట్టె కూడా ఒకటి.

పెన్నా_గట్టు
పది రోజులు మాయమైనందుకు సారీ. రిపోర్టు.

శనివారం పినాకిని రైల్లో చెన్నై వెళ్లా. రెండు షాపులు. మొదటి చోట సేల్స్ అబ్బాయి ఖరీదైన జత పెట్టినప్పుడల్లా చెయ్యి నాబ్ మీదికి వెళ్లేది. పలకన్న మాట గుర్తుండబట్టి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టా. మొదటి జత 74, రెండో జత 78. 'తమ్ముడూ, ఇది కూడా 74కి పెట్టు' అన్నా. పెట్టాక రెండో దాని గొప్పతనం సగం పోయింది. అబ్బాయి ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు.

రెండో చోట ఓపికగా వినిపించారు. కెఫ్‌లో గొంతు నాకు బాగా నచ్చింది. ట్వీటర్ వూఫర్ నడిమధ్యలో ఉంటుంది కదా, పాడేవాడు రెండు స్పీకర్ల మధ్య కూర్చున్నట్టే ఉంది, నేను పక్కకి జరిగినా పెద్దగా చెదరలేదు. వార్ఫ్‌డేల్ మెత్తగా, గంటల తరబడి వినొచ్చు. ఎలాక్‌లో మృదంగం కుడి చేతి దెబ్బ, ఎడమ చేతి దెబ్బ విడివిడిగా తెలిశాయి, నాదస్వరం గుచ్చుకోలేదు. నాకు డోలు, మృదంగం బలహీనత. బి6.2 తీసుకున్నా.

ఒక నిరాశ కూడా చెప్పాలి. నాన్నకిష్టమైన అరవైల నాటి పాటలు అన్నిట్లోనూ నిరాశే. టేప్ బుస, గీతల చప్పుడు, అన్నీ స్పష్టంగా వినిపించాయి. రేడియోలో విన్నప్పుడు ఆ పాటల్లో ఇన్ని కంతలు ఉన్నట్టు తెలీదు.

రెండు_ట్వీటర్లు
రెండో పోస్టు చూడండి. రెండో పోస్టు. మూడు వారాలు, యాభై పోస్టులు, చివరికి రెండో పోస్టు.

మార్కాపురం_పలక
పేరు నువ్వే చెప్పావు, ఒప్పుకున్నాం. టీ తాగు. గట్టూ, ఆ పాటలకి రెండు స్పీకర్లూ అక్కర్లేదు, మోనో కదా. పెద్దాయనకి ట్రెబుల్ నాబ్ కొంచెం తగ్గించి పెట్టు, బుస చాలావరకు దాక్కుంటుంది.

మైకుసెట్_మావయ్య
పాత టవర్లు?

పెన్నా_గట్టు
చెప్తున్నా మావయ్యా. రింగులు తెప్పించా, మీరు చెప్పినట్టే 30 హెర్ట్జ్ పెట్టి, చెవి ఆనించి చేశా. ఎడమది మొదటిసారికే కుదిరింది. కుడిది జరుపుతుంటే గీరు తగ్గుతూ తగ్గుతూ ఒక చోట టక్కున ఆగిపోయింది చూడండి, ఆ క్షణం మా పాపని కూడా పిలిచి వినిపించా. బట్టల క్లిప్పులు పదహారు పట్టాయి, ఆ రోజు బట్టలు ఎగిరి పక్కింట్లో పడ్డాయి. ఇప్పుడు అవి నాన్న గదిలో, ఆయన పాత స్టీరియోకి. 'బాగానే ఉన్నాయి కదరా, వీటికి ఏమైందని మార్చావు' అంటున్నారు.

సోఫా గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకొచ్చింది. నేను అడగలేదు. వెనక సన్నటి బల్ల వేసి మొక్కలు పెట్టుకోవచ్చని మా ఆవిడే జరిపించింది. బొంయ్ సగానికి పైగా తగ్గింది, మిగిలింది ఏ మెట్టు దగ్గర వస్తుందో తెలిసిపోయింది కాబట్టి ఎదురుచూసి వింటున్నా.

గూడూరు_నిమ్మ
మొక్కలు! ఇదే మాట మొదటి రోజు చెప్పి ఉంటే ఇన్ని రోజులు పట్టేదా.

పెన్నా_గట్టు
అర్జెంటు. కొత్త జతలో కుడి స్పీకర్ శబ్దం ఎడమదానికంటే తక్కువగా ఉంది. నిన్న బాగానే ఉంది. నాలుగు రోజులే అయింది, వెనక్కి పంపాలా? టెన్షన్‌గా ఉంది.

కందుకూరు_కాఫీ
పంపకండి. ఆంప్ ఆపేసి కుడి, ఎడమ వైర్లు ఆంప్ దగ్గర మార్చి పెట్టండి. ఇప్పుడు ఎడమ తగ్గితే ఆంప్ వైపు తేడా. అప్పుడు కూడా కుడే తగ్గితే స్పీకర్ గానీ వైరు గానీ.

రెండు_ట్వీటర్లు
నేను చెప్పిన స్పీకర్ పాడవదు. వైరు చూడు.

పెన్నా_గట్టు
మార్చా. ఇప్పుడు ఎడమ తగ్గింది. అంటే ఆంపా? ఆంప్ పోయిందా?

మార్కాపురం_పలక
బాలెన్స్ నాబ్ చూడు.

పెన్నా_గట్టు
పది గంటల దగ్గరుంది. మా పాప.